‘తరం’ మాటున దాగినదెవరు?

మన భాషలో ‘తరం’ అనే మాటకు ఒక పెద్దరికం వున్నది. తాత పోతాడు, తండ్రి వస్తాడు. తండ్రి పోతాడు, కొడుకు వస్తాడు. ఇందులో ఎవరి నిర్ణయమూ లేదు, ఎవరి లాభమూ లేదు. ఈ పెద్దరికాన్ని ఆసరా చేసుకుని మన సాహిత్య చరిత్రకారులు కొందరు ఒక సులువైన దారి తొక్కారు. కొత్త తరం వచ్చింది కనుక కొత్త కవిత్వం వచ్చిందని రాసి వూరుకున్నారు. ఆ కవిత్వం ఏ వర్గం ఆకలిలోంచి పుట్టింది, ఏ పోరాటం దానికి గొంతు నిచ్చింది అనే ప్రశ్నలు వారికి పట్టలేదు.

సాహిత్యంలో మన మెదుర్కొన్న ఈ తరాల సిద్ధాంతమే ఇవాళ మరో వేషంలో మన ముందు నిలబడింది. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌ను గురించి మంత్రి మాట్లాడినా, కంపెనీ అధిపతి మాట్లాడినా, పత్రికల వాళ్ళు రాసినా వరస ఒక్కటే: మొదటి తరం, రెండవ తరం, మూడవ తరం, నాలుగు, ఐదు. ఆరవది కడుపులో వున్నదని కూడా చెబుతున్నారు. ఈ వరస వెనుక ఒక వాదం వున్నది. సాంకేతిక విజ్ఞానం తనంతట తానే పెరుగుతుందట; మార్కెట్టు దాన్ని ఇంటింటికీ మోసుకు వస్తుందట; అందుకోలేని వాడు వెనుకబడ్డాడంటే అది వాడి తెలివితక్కువే గాని మరొకరి తప్పు కాదట. పొద్దు పొడిచినందుకు ఎవరినైనా నిలదీస్తామా? తరం మారినందుకూ అంతేనన్న మాట!

ఈ వాదం అబద్ధం. మొబైల్ తరాలు పుట్టినవి కావు, నియమింపబడినవి. ఎవరు నియమించారు, ఎవరి కోసం నియమించారు అని అడగకుండా వాటి చరిత్ర చెప్పడం, జమీందారు పేరెత్తకుండా జమీ చరిత్ర చెప్పడం వంటిది.

మొదట పుట్టుక సంగతి చూద్దాం. 1979లో టోక్యోలో తొలి సెల్యులర్ వ్యవస్థను నడిపింది జపాను ప్రభుత్వ టెలిఫోను సంస్థ. 1981లో స్కాండినేవియా దేశాలను కలుపుతూ ఏర్పడ్డ వ్యవస్థ అక్కడి ప్రభుత్వ టెలిఫోను శాఖల ఉమ్మడి కృషి. రెండవ తరానికి మూలమైన జి.ఎస్.ఎమ్. పని 1982లో మొదలయింది. మొదలుపెట్టినవి యూరపులోని తంతి తపాలా శాఖలు. ఏ దేశానికా దేశం తన గోడలు కట్టుకుంటే ఎవరి ఫోనూ సరిహద్దు దాటదని గ్రహించి, 1987లో 13 దేశాల సంస్థలు ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నాయి. 1991 జూలై 1న ఫిన్లండులో ఆ పద్ధతిలో తొలి పిలుపు మోగింది. మార్కెట్టు మహిమగా నేడు కీర్తింపబడుతున్న దాని పునాదిలో వున్నది పోటీ కాదు, ఉమ్మడి ప్రణాళిక.

ఇక పేరు పెట్టడం సంగతి. తరానికి వుండవలసిన లక్షణాలను నిర్ణయించేది ఐక్యరాజ్య సమితికి అనుబంధమైన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం. 2009 డిసెంబరులో స్టాక్‌హోం, ఓస్లో నగరాలలో ‘నాలుగవ తరం’ సేవ మొదలయింది. ఆ సంఘం నిర్ణయించిన కొలతకు అది అందలేదు. అయినా కంపెనీలు ఆ పేరు మీదనే సరుకు అమ్మాయి. చివరికి 2010 డిసెంబరులో, ఆ పేరును వీటికీ వాడుకోవచ్చునని సంఘమే దారి ఇచ్చింది. పుట్టకముందే పేరు పెట్టి, పేరు చూపి వెల కట్టి, ఆ తరువాత జాతకం దిద్దించిన ఈ బిడ్డను ప్రకృతి కన్నదని నమ్మమంటారా?

ఈ విజ్ఞానం వెనుక వున్న మేధ మాత్రం ఎవరిది? కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు 1895 నాటికే మిల్లీమీటరు తరంగాలతో ప్రయోగాలు చేసి చూపాడు. ఐదవ తరం వాడుకునే తరంగాలలో ఆ జాతివీ వున్నాయి. ఎంత సమాచారాన్ని ఎంత తప్పు లేకుండా పంపగలమో 1948లో క్లాడ్ షానన్ గణితంలో తేల్చాడు. 1960లో రాబర్ట్ గాలగర్ అనే విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించిన సంకేత పద్ధతి దశాబ్దాల పాటు బీరువాలో పడివుండి, నేడు ఐదవ తరం ఫోనులలో పని చేస్తూంది. దానికి తోడుగా వాడే మరో పద్ధతిని 2009లో ప్రకటించినవాడు టర్కీలో పాఠాలు చెప్పుకునే ఎర్దాల్ అరికాన్ అనే ఆచార్యుడు. ఫోను లోపలి బ్యాటరీకి కావలసిన కోబాల్టులో పెద్ద భాగం కాంగో గనుల నుంచి వస్తుంది; అక్కడ చేతులతో మట్టి తవ్వే కూలీలలో పిల్లలు కూడా వున్నారు. కలకత్తా ప్రయోగశాల, టర్కీ తరగతి గది, కాంగో గని — ఇన్ని చోట్ల మనుషులు చేసిన శ్రమ ఒకే పెట్టెలో చేరింది. శ్రమ సమష్టిది, పేటెంటు మాత్రం ప్రైవేటుది. పెట్టుబడిదారీ వ్యవస్థలోని మౌలిక వైరుధ్యాన్ని పాఠంగా చెప్పవలసి వస్తే ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కడ ఎదుటివారు ఒక మాట అంటారు. “ఏమయితేనేం, ధరలు తగ్గలేదా? రిక్షా తొక్కేవాడి చేతిలో సైతం ఫోను లేదా?” ఈ ప్రశ్నను దాటవేయడం అభ్యుదయవాదికి తగదు. నిజమే, తగ్గాయి. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని సమాచార మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినప్పుడు మన దేశంలో మొబైల్ సేవ ప్రారంభమయింది. ఆ రోజుల్లో మాటకు నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోను ఎత్తినందుకు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగాక, రెండు వందల రూపాయలు పైబడి వుండిన ఒక జీబీ డేటా ధర కొద్ది ఏళ్ళలో పది పన్నెండు రూపాయలకు దిగింది. ఇది ప్రజలకు మేలే.

కాని కథ అక్కడ ఆగిందా? పెద్ద పెట్టుబడి ధర తగ్గించేది ప్రజల మీద ప్రేమతో కాదు, చిన్న పెట్టుబడిని మింగడానికి. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా తీసింది. టెలినార్, టాటాల మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018లో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. మిగిలినవి మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక ప్రభుత్వ సంస్థ. 2024 జూలైలో ఆ మూడు కంపెనీలూ రోజుల తేడాతో ధరలు పెంచాయి. పోటీ గుత్తాధిపత్యానికి దారి తీస్తుందన్న సూత్రాన్ని పాత పుస్తకాలలో చదివి నవ్విన వాళ్ళు, తమ రీచార్జి రసీదులు ఒకసారి తీసి చూసుకోవాలి.

మరి ప్రభుత్వ సంస్థ సంగతి? ప్రైవేటు రంగంలో 4జి సేవ 2012లో కలకత్తాలో మొదలయింది. బి.ఎస్.ఎన్.ఎల్.కు 4జి తరంగాలు కేటాయించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది 2019 అక్టోబరులో. మరి నాలుగు నెలలు తిరగకుండా, 2020 జనవరి చివర, 78 వేల మందికి పైగా ఉద్యోగులు ‘స్వచ్ఛంద’ విరమణ పేరుతో ఆ సంస్థ గుమ్మం దిగిపోయారు. స్వదేశీ పరికరాలతో దాని 4జి దేశవ్యాప్తంగా ప్రారంభమయింది 2025 సెప్టెంబరులో. కాళ్ళు కట్టేసి పరుగు పందెంలో నిలబెట్టి, ఓడిపోయింది చూశారా అంటున్నారు! మరోపక్క వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి పడిన బకాయిలను వాటాలుగా మార్చినందువల్ల 2025లో ఆ కంపెనీలో దాదాపు 49 శాతం ప్రభుత్వానికి వచ్చింది. పెత్తనం మాత్రం పాత చేతులలోనే వున్నది. నష్టం జాతిది, పెత్తనం వారిది.

తరాల సిద్ధాంతం దాచే అన్నిటికన్న పెద్ద సత్యం ఇంకొకటి వున్నది. 2024లో ప్రపంచ జనాభాలో సగం మంది 5జి అందే ప్రాంతాలలో వున్నారని అంతర్జాతీయ సంఘం అంచనా. ఆ సగాన్ని విప్పి చూస్తే, ధనిక దేశాలలో నూటికి 84 మంది, పేద దేశాలలో నూటికి నలుగురు! ఒకే సంవత్సరంలో, ఒకే భూమి మీద ఇన్ని ‘తరాల’ మనుషులు బతుకుతున్నారు. పైగా మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం చెప్పిన లెక్కే చూడండి. 2023 చివరికి మొబైల్ ఇంటర్నెట్ సంకేతం బొత్తిగా అందని వాళ్ళు 35 కోట్లు. సంకేతం అందుతున్నా వాడుకోలేని వాళ్ళు 310 కోట్లు. కాలువ పొలం పక్కనుంచే పోతున్నది, తూముకు మాత్రం తాళం వేసి వున్నది. ఆ తాళం పేరు ఫోను ధర, ఆ తాళం పేరు చదువు లేమి, ఆ తాళం పేరు పురుషాధిక్యం.

తాళం ఎక్కడో ఆఫ్రికాలో లేదు. 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రెండు రాష్ట్రాల స్త్రీ పురుషులను, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అవునన్న స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు సుమారు 49. తెలంగాణలో స్త్రీలు నూటికి 27కు లోపే, పురుషులు 57. ఆ లెక్క తీసిన మరుసటి ఏడే కరోనా వచ్చింది, బడులు మూతబడ్డాయి, పాఠాలు ఫోనులోకి పోయాయి. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది అన్న చేతికి పోతుందా, చెల్లెలి చేతికి పోతుందా? తరగతి గదిలో కనీసం బల్లలైనా అందరివీ. ‘డిజిటల్ తరం’ అని ఆ పిల్లలందరినీ ఒకే పేరుతో పిలిచే ఉపాధ్యాయుడు, తన హాజరు పట్టీలోంచి ఆడపిల్ల పేరు కొట్టివేస్తున్న సంగతి గ్రహించాలి.

తరాలు ప్రకృతి ధర్మమే అయితే అవి వెనక్కి నడవకూడదు. నడిచాయి. 2019 ఆగస్టులో కాశ్మీరులో ప్రభుత్వం ఇంటర్నెట్ నిలిపివేసింది. 2020 జనవరిలో తిరిగి ఇచ్చినప్పుడు ఇచ్చింది రెండవ తరం వేగం. ఆ ప్రాంతమంతటా 4జి వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. ఒక్క ఉత్తర్వుతో లక్షలాది మందిని రెండు తరాలు వెనక్కి నెట్టారు. కొడుకును తాతను చేయగలిగిన ఆ శక్తి పేరు ప్రకృతి కాదు, రాజ్యం.

ఇంతవరకు చదివి, “అందుకే మేము ఈ ఫోనులను అసహ్యించుకుంటున్నాం, పుస్తకాన్ని చంపింది ఇదే కదా” అని తృప్తిపడే మిత్రులు మనలోనూ వున్నారు. వారితో కూడా పేచీ పెట్టుకోక తప్పదు. యంత్రాన్ని తిట్టి యజమానిని వదిలివేయడం అభ్యుదయం కాదు, అలసిపోయిన భావుకత్వం. 2007లో కెన్యాలో ‘ఎం-పెసా’ మొదలయినప్పుడు, బ్యాంకు గడప తొక్కని పేదలు ‘పాతబడిన’ రెండవ తరం ఫోనుల మీదనే ఇంటికి డబ్బు పంపుకున్నారు. సాధనం విలువ తరంలో లేదు, ఎవరి అవసరానికి వాడామన్న దానిలో వున్నది. ఆ సాధనం మీదా కంపెనీ తన రుసుము తీసుకున్నదన్నది వేరే చెప్పనక్కరలేదు.

కనుక మనం అడగవలసింది ఆరవ తరం ఎప్పుడు వస్తుందని కాదు. తరంగాలు ఎవరివి అని. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ ఆస్తిని 2010లో 3జి వేలంలో 67 వేల కోట్లకు పైగా, 2022లో 5జి వేలంలో సుమారు లక్షా 50 వేల కోట్లకు పాటదారులకు అప్పగించారు. పాటదారు ఆ సొమ్మును ఎవరి జేబులోంచి రాబడతాడు? మన ఆస్తికి మనమే కౌలు కడుతున్నాం. బి.ఎస్.ఎన్.ఎల్.కు మొదటి హక్కు, పల్లెల కోసం కంపెనీల నుంచి వసూలు చేసే నిధికి బహిరంగమైన లెక్క, విద్యార్థులకు ఉచిత సేవ, ఇంటర్నెట్ నిలిపివేతల మీద కట్టుదిట్టమైన అదుపు — ఈ కోర్కెలు కళాశాల గుమ్మం దాటి వూళ్ళోకి పోవాలి.

ఇది మన తరమా అని కొందరు నిట్టూరుస్తారు. 2015లో, ఇంటర్నెట్‌ను ముక్కలు చేసి కొన్నిటినే ఉచితంగా పంచే పన్నాగం వచ్చినప్పుడు, పది లక్షలకు పైగా ఉత్తరాలు నియంత్రణ సంస్థకు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ అటువంటి వివక్ష ధరలను నిషేధించింది. ప్రపంచంలోని బలమైన కంపెనీలలో ఒకటి ఆనాడు మన దేశంలో వెనక్కి తగ్గింది. ‘తరం’ అనే మాటకు తెలుగులో మరో అర్థం వున్నది: శక్తి. కంపెనీలు మనకు మొదటి అర్థమే నేర్పుతున్నాయి. రెండవ అర్థాన్ని తరగతి గదిలో చెప్పవలసిన పని మనది.