అప్‌డేట్ మీది, బిల్లు మాదా?

ఖమ్మంలో జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ణి. 20వ తేదీ గడువు ముంచుకొస్తుంటే ల్యాప్‌టాప్ కంపెనీ పంపిన బయోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోయింది. తర్వాత నల్ల తెర, ఫ్యాను మోత, అంతే. వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే కౌంటర్లో కుర్రాడు "సార్, ఇది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం, వారంటీలోకి రాదు. మదర్‌బోర్డు మార్చాలి" అన్నాడు. సాఫ్ట్‌వేర్ లోపానికి బోర్డెందుకు మార్చాలో మాత్రం చెప్పలేకపోయాడు. పాపం, అతనిదేముంది, పైవాళ్లు నేర్పిన పాటే.

ల్యాప్‌టాప్‌ని లేపే ప్రోగ్రాం ఈ బయోస్; అది ఉండేది బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్‌లో. రాస్తుండగా తెగిపోతే, చాలాసార్లు ప్రోగ్రామర్ అనే పరికరం తగిలించి ఆ చిప్‌లో మళ్లీ రాస్తే సరిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఆ పని తెలిసినవాళ్లున్నారు. కానీ వారంటీ ఉండగా బయట విప్పించాల్సిన ఖర్మ మనకెందుకు? కంపెనీ ఇచ్చిన అప్‌డేట్‌ని, కంపెనీ చెప్పినట్టే చార్జర్ పెట్టి నడిపితే పాడైంది. బాధ్యత వాళ్లదే.

"రాదు" అన్న ముక్కని జాబ్‌షీటు మీద రాసివ్వమనండి. చాలామంది గొంతు అక్కడే మారుతుంది. మారకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.