నందిని రన్‌వేకు 'గగన్' చూపు

ఢిల్లీలో పౌర విమానయానం గూర్చి మాట వచ్చినప్పుడల్లా కొత్త టెర్మినళ్ళ ప్రసక్తియే వినవస్తుంది. నాకు మాత్రం భిలాయ్ స్ఫురిస్తుంది. అక్కడి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి నందించిన నందిని గనుల చెంత ఆ కర్మాగారానికే చెందిన చిన్న రన్‌వే ఉన్నది. అయినా భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు విమానమెక్కాలంటే రాయపూర్ చేరవలసిందే.

మబ్బు కమ్మినప్పుడు పైలట్ కన్ను పనిచేయదు. ఆల్టీమీటరు గాలి పీడనాన్నిబట్టి ఎత్తు తెలుపగలదే గాని రన్‌వే ఎటున్నదో చెప్పలేదు. ఆ దారి చూపేవి ఐ.ఎల్.ఎస్. రేడియో కిరణాలు. ఆ యంత్రాలను ఏ రన్‌వే చెంత కా రన్‌వే చెంత నెలకొల్పవలె. వ్యయం తక్కువ కాదు.

ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన 'గగన్' ఈ చిక్కును చాలావరకు తీర్చగలదు. జి.పి.ఎస్. లెక్కలోని దోషాన్ని 15 భూకేంద్రాల కొలతలనుబట్టి కనుగొని, దిద్దుబాటును ఉపగ్రహం ద్వారా విమానానికి అందజేస్తారు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానమొకటి ఈ పద్ధతిన ప్రయోగాత్మకంగా దిగింది.

గగన్ ఒక్కటే ప్రయాణికులను తెచ్చిపెట్టదు. రన్‌వేను సర్వే చేసి, దిగే మార్గాన్ని రూపొందించి, ఆమోదం పొందవలె. విమానంలో తగిన రిసీవరూ ఉండవలె. ఉపగ్రహం మాత్రం ఆకాశంలో సిద్ధంగానే ఉన్నది. కదలవలసినవి ఇక్కడి ఫైళ్ళు.