రేకు మూత మీద దుర్భిణి

మిత్రులొకరు కథ రాసి, అచ్చుకు పంపబోయే ముందు నా అభిప్రాయం కోరారు. కథాస్థలం భూపాలపల్లి అడవి. కథానాయకుడు ఏ పక్షంవాడో ఇక్కడ చెప్పను, చెబితే చర్చ యావత్తూ అటే కొట్టుకుపోతుంది. అతగాడు ఒక రాత్రి గుడిసెలో కూర్చుని పాత ఎస్సెల్లార్ మీద ఒక దుర్భిణి బిగిస్తాడు. తెల్లవారాక గోదావరి ఇవతలి గట్టు నుంచి ఎనిమిది వందల మీటర్ల దూరాన, అవతలి గట్టు మీద నడుస్తున్న శత్రువును ఒకే ఒక్క తూటాతో కూలుస్తాడు. ఆ రాత్రి జరిగిన పనికి రచయిత కేటాయించినది ఒక్క మాట: "బిగించాడు".

ఎస్సెల్లార్ మీద దుర్భిణి అలా నిలవదని జవాబు రాశాను. "కథలో మరమేకుల లెక్క ఎవరడుగుతారండీ, పాఠకుడికి కావలసినది ఉద్వేగం" అన్నారాయన. నేను అడుగుతాను. ఆయన దాటవేసిన ఆ మరమేకుల దగ్గరే అసలు కథ ఉందని నా వాదం.

ముందుగా ఆ తుపాకి సంగతి. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవాన్ల చేతుల్లో ఉన్నవి త్రీనాట్‌త్రీలు. ఆ దెబ్బ తరువాత ఇషాపూర్ కర్మాగారంలో ఎస్సెల్లార్ల తయారీ మొదలైంది. అది బెల్జియం వారి ఎఫ్.ఎన్. ఫాల్‌కు మన దేశపు రూపం. తూటా 7.62×51 మి.మీ., మ్యాగజీనుకు ఇరవై. ఇంత బలమైన తూటాను పేల్చే వాటిని బ్యాటిల్ రైఫిళ్ళంటారు. 1990ల చివర ఇన్సాస్ రావడంతో ఇది క్రమంగా సైన్యం నుంచి పోలీసుల చేతికి దిగివచ్చింది. మా అడవులలో పోలీసుల భుజాన ఉన్నదీ, వారినుంచి గుంజుకున్నవారి భుజాన ఉన్నదీ ఇదే.

కాలేజీలో ఉండగా ఎన్‌సీసీ శిబిరంలో దీనితో ఐదు తూటాలు పేల్చే భాగ్యం నాకూ కలిగింది. రెండు రోజులు భుజం నొప్పి. కానీ నాకు ఎక్కువగా గుర్తున్నది పేల్చడం కాదు, తరువాత శుభ్రం చేయడం. వెనుకనున్న మీట నొక్కితే తుపాకి మడతబందు దగ్గర విరిగి రెండుగా తెరుచుకుంటుంది. పైభాగాన్ని కప్పి ఉంచే మూతను వెనక్కి లాగితే జారి చేతిలోకి వచ్చేస్తుంది. అది పలుచని ఉక్కు రేకు, అంచులు రెండు గాళ్ళలో కూర్చుంటాయి, అంతే. మా ఉస్తాదు దాన్ని బిగించాక కూడా వేలితో కదిపి చూపించాడు. టకటకమంది. "ఇది దుమ్ము పడకుండా ఉండటానికి, ఇంకెందుకూ కాదు" అన్నాడు.

ఆ తుపాకికి దుర్భిణి బిగించడానికి పైన ఉన్న చోటల్లా ఆ మూతే.

నేను జనగామవాణ్ణి. పక్కనే పెంబర్తి. ఇత్తడి రేకును సుత్తిదెబ్బలతో దేవుడి ముఖంగా మలిచేవారి ఊరది. రేకు ఎంత లొంగుతుందో, ఎంత మోయగలదో ఆ ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కదిలే రేకు మీద గురి నిలబెడతానంటే వాళ్ళు నవ్వుతారు. లెక్క కూడా పెద్దదేమీ కాదు. దుర్భిణి కూర్చున్న పీట పది సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. దాని ఒక కొస ఒక కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు లేచిందనుకుందాం. వంద మీటర్ల దగ్గర గురి పది సెంటీమీటర్లు తప్పుతుంది. మూడు వందల దగ్గర ముప్పై. మన కథానాయకుడి ఎనిమిది వందల దగ్గర ఎనభై. తూటా అవతలి గట్టు చేరడానికి సెకనుకు పైగా పడుతుంది, ఆ దారిలో మీటర్ల కొద్దీ కిందికి వంగుతుంది. ఆ లెక్కలు వేరే. శుభ్రం చేయడానికి మూత లాగిన ప్రతిసారీ గురి మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోవాలి. అంటే పదుల కొద్దీ తూటాలు, కొలిచిన మైదానం, గురిపలక, ఒక పూట తీరిక కావాలి. గుడిసెలో రాత్రిపూట ఇవేవీ లేవు.

ఇంగ్లండు వారు ఈ తుపాకికి దుర్భిణి పెట్టుకోలేదా అని అడగవచ్చు. పెట్టుకున్నారు. సూట్ అని పేరు, నాలుగింతలు పెంచుతుంది, 1970లలో ఉత్తర ఐర్లండు వీధుల్లో వాడారు. కానీ మామూలు మూత పనికిరాదని దానికోసం విడిగా గట్టి మూత చేయించుకున్నారు. రష్యావారిది ఇంకా మంచి బుద్ధి. మన సైన్యం కూడా వాడే ద్రగునోవ్ మీద సైతం పైన రేకు మూతే ఉంటుంది. దాని జోలికి పోకుండా దుర్భిణి పీటను తుపాకి దేహానికే ఎడమ పక్కన అమర్చారు. గాజుబిళ్ళ కన్నా దాని కింది పీట ముఖ్యమని వారికి తెలుసు.

నిజానికి గాజుబిళ్ళల విషయంలో తెలుగువారు వెనుకబడినవారేమీ కారు. 1926లో బందరులో అయ్యగారి రామమూర్తిగారు మొదలుపెట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూసే పరికరాలు ఇప్పటికీ అక్కడ తయారవుతున్నాయి. మన కథకులకు ఈ సంగతి తెలిస్తే దుర్భిణిని మంత్రదండంలా వాడటం కొంత తగ్గేదేమో.

"అదంతా పాత తుపాకి బాధ, కొత్తవాటికి పట్టాలు పోతపోసే ఉంటాయి కదా" అన్నది మిత్రుల రెండో వాదం. ఒప్పుకుంటాను. 2019లో సైన్యం 72,400 సిగ్ 716 రైఫిళ్ళు కొనడానికి ఒప్పందం చేసుకుంది. మళ్ళీ అదే 7.62×51 తూటా, పైన పొడుగునా గట్టి పట్టా. వాటికి రాత్రి దుర్భిణుల కోసం 2025 అక్టోబరులో రూ. 659.47 కోట్ల ఒప్పందం కుదిరింది. నక్షత్రాల వెలుతురులో సైతం ఐదు వందల మీటర్ల దాకా గురిపెట్టవచ్చునని ప్రకటన. 2024 జనవరిలో డీఆర్‌డీవో, హైదరాబాదు సంస్థ ద్వీప ఆర్మర్ కలిసి చూపించిన 'ఉగ్రం' కూడా ఈ తూటాదే, రాష్ట్రాల పోలీసులను కూడా దృష్టిలో పెట్టుకున్నదే. ఎల్లుండో ఆవలెల్లుండో అది మా భూపాలపల్లి ఠాణాకూ రావచ్చు. పట్టా ఉంటే దుర్భిణి కదలదు. నిజమే.

అయితే కదలని దుర్భిణిలోంచి ఏమి కనబడుతుంది? నాలుగింతలు పెంచే దుర్భిణిలో ఎనిమిది వందల మీటర్లు రెండు వందలవుతాయి. మా అమ్మగారిది మానుకోట, ఇప్పటి మహబూబాబాదు. సెలవులకు వెళ్ళినప్పుడు మేనమామ స్టేషనుకు వచ్చేవాడు. రైలు దిగి చూస్తే ప్లాట్‌ఫారం ఆ చివర ఒక మనిషి చెయ్యి ఊపుతూ కనబడేవాడు. ఒకసారి నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి వాటేసుకోబోయింది వేరెవరినో. అది పట్టపగలు, రెండు వందల మీటర్లు కూడా లేదు, ఎదుటి మనిషి నా స్వంత మేనమామ అనుకున్నాను.

మిత్రుల కథలో 'శత్రువు' అన్న మాట దుర్భిణిలోనే రాసిపెట్టినట్టు ఉంది. గోదావరి అవతల బిజాపూర్ జిల్లా ఎడెస్మెట్టలో 2013 మే 17 రాత్రి విత్తనాల పండుగకు చేరిన ఆదివాసులపై బలగాలు కాల్పులు జరిపాయి. ఊరివాళ్ళు ఎనిమిదిమంది చనిపోయారు. వారు మావోయిస్టులు కారని, భయంతో కాల్పులు జరిగి ఉండవచ్చునని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆత్మరక్షణకు తగిన పరికరాలు, సరైన సమాచారం ఇచ్చి ఉంటే, జాగ్రత్తగా ఉండి ఉంటే అవి తప్పేవని కూడా ఆ నివేదికే అన్నది. కనుక పరికరాలు వద్దనడం నా ఉద్దేశం కాదు. కానీ 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర గని పని ముగించుకుని వ్యానులో ఇంటికి పోతున్న బొగ్గు కార్మికులను కాల్చినవారు సైన్యంలో ఎంపిక చేసిన ప్రత్యేక దళంవారు, పరికరాలకు లోటు ఉన్నవారు కారు. వ్యానులో ఉన్నదెవరో నిర్ధారించుకోకుండానే కాల్చారని అక్కడి పోలీసుల దర్యాప్తు బృందం 2022లో చెప్పింది. షిఫ్టు దిగి వచ్చే బొగ్గు కార్మికులు! భూపాలపల్లిలో నేను మూడేళ్ళు ఉద్యోగం చేశాను. ఆ వ్యానులు, ఆ నల్లటి ముఖాలు రోజూ చూసినవే. ఆ వార్త చదివిన రోజు అన్నం సహించలేదు.

అందుకే "బిగించాడు" అన్న మాట మీద ఇంత రాద్ధాంతం. ఆ ఒక్క మాటతో రచయిత రెండు అబద్ధాలు నడిపించారు. ఒకటి, తూటా చూసినచోటికే పోతుందని. రెండు, చూసినది ఎవరినో తెలిసే ఉంటుందని. మొదటిది ఇనుము గురించిన అబద్ధం, తెలిసినవాడు నవ్వి ఊరుకుంటాడు. రెండోది మా జిల్లాల మనుషుల గురించినది. ఉద్వేగం కోసం అయినా దాన్ని ఒప్పుకోలేను. ఆ మూత టకటకమనడం కథానాయకుడు ఒక్కసారి విన్నట్టు రాయండి, అతను గట్టున పడుకుని అవతలి మనిషి ఎవరా అని అనుమానపడటం అక్కడ మొదలవుతుంది. అప్పుడు మీరడిగిన ఉద్వేగం కూడా వస్తుంది. కథ తిప్పి పంపుతూ ఇదే రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఒక సందేహం. నేను 'మూత' అన్నదాన్ని మా ఉస్తాదు టాప్ కవర్ అనేవాడు. సాయుధ పోలీసు కుటుంబాలలో పుట్టి పెరిగినవారు మనలో ఎవరైనా ఉంటే, వాళ్ళ ఇళ్ళలో దీనికి తెలుగు మాట ఏదైనా వినబడేదా? ఉంటే దయచేసి తెలియజేయండి, ఇక్కడ సవరిస్తాను.