ఆ ఎపిసోడ్ చూశాక మీకు ఎవరు గుర్తున్నారు?

ఢిల్లీ క్రైమ్ రెండో సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లో 2022 ఆగస్టులో వచ్చింది. ఐదే ఎపిసోడ్లు. మన హాస్టళ్ళలో, కోచింగ్ రూముల్లో ఒకరి పాస్‌వర్డ్‌తో పదిమంది ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. చూసినవాళ్ళు మాట్లాడుకునే మాటలు చాలాసార్లు విన్నా. సిరీస్ బాగుందా బాలేదా అన్నది నాకు ముఖ్యం కాదు. పోలీసులు బస్తీ మీద పడి మగాళ్ళని పట్టుకుపోయే ఆ ఎపిసోడ్ చూసి జనం ఏమంటున్నారు అన్నదే నా బాధ.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తా. సస్పెన్స్ పోయిందని తిట్టుకోకండి, సిరీస్ వచ్చి చాన్నాళ్ళయింది. దక్షిణ ఢిల్లీలో డబ్బున్న ముసలివాళ్ళని ఇళ్ళల్లోకి దూరి దారుణంగా చంపేస్తుంటారు. చెడ్డీలు, బనియన్లు, ఒంటికి నూనె. ఒకప్పటి కచ్చా బనియన్ గ్యాంగ్ పద్ధతి. వెంటనే అనుమానం డీనోటిఫైడ్ తెగల మీదికి పోతుంది. ఈ తెగల సంగతి తనకి బాగా తెలుసనే చద్దా అనే రిటైర్డ్ ఆఫీసర్‌ని పిలిపిస్తారు. ఆయన లెక్కలో నేరం వీళ్ళ పుట్టుకలోనే ఉంది, విచారించేది ఏమీ లేదు. బస్తీని చుట్టుముడతారు. చివరికి తేలేది ఏంటంటే, హంతకులు ఆ తెగవాళ్ళు కారు. అనుమానం వాళ్ళ మీదికి పోతుందని తెలిసి వాళ్ళ పద్ధతిని అరువు తెచ్చుకున్న వేరే ముఠా.

ఇంత స్పష్టంగా చెప్పిన కథ చూసి కూడా ఒక బ్యాచ్‌మేట్ నాతో అన్న మాట: "చద్దా కొంచెం ఓవర్ చేశాడు గానీ, ఆయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు కదా బ్రో. అలాంటి గ్యాంగులు ఉన్నాయి కదా." వాడు చెడ్డవాడు కాదు. నా పరీక్ష ఫీజు తక్కువైతే రెండుసార్లు సర్దినవాడు. మాది ఎరుకల పేట అని వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. అంటే నన్ను ఆ లెక్కలోంచి తీసేసి, మిగతావాళ్ళని అందులోనే ఉంచాడన్నమాట.

సిరీస్ ముగింపు చద్దాని తప్పు పట్టింది. అయినా చూసినవాడి మనసులో చద్దా నెగ్గాడు. ఎందుకంటే వాడు ఆ నమ్మకాన్ని సిరీస్ నుంచి నేర్చుకోలేదు, ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. గుర్తుందా, 2018 మే నెల? "పార్థీ గ్యాంగ్ తిరుగుతోంది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది" అని తెలంగాణలో, ఆంధ్రలో ప్రతి ఫోన్‌కీ వాట్సాప్ మెసేజ్ వచ్చింది. పార్థీ అంటే పార్ధీలు, ఒక తెగ. తెగ పేరే గ్యాంగ్ పేరైపోయింది, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. రాత్రుళ్ళు కర్రలు పట్టుకుని కాపలాలు కాశారు. ముక్కూ మొహం తెలియని అమాయకుల్ని పట్టుకుని కొట్టారు, కొందరు చచ్చిపోయారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపారు. 2021 డిసెంబరులో విజయవాడ చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ అని టీవీలు సీసీ కెమెరా క్లిప్పుని రోజంతా తిప్పితే మా పేటలో ఆడవాళ్ళు చీపుర్లు, బుట్టలు అమ్మడానికి పొద్దున్నే ఊళ్ళోకి పోవడం మానేశారు. ఏడు దాటాక, నలుగురూ లేచాక పోయేవాళ్ళు. ఆ ఎపిసోడ్ చూసినవాళ్ళ కళ్ళ వెనక ఇదంతా ముందే ఉంది. డైరెక్టర్ ఎంత జాగ్రత్తగా తీసినా చూసేవాడు తన దగ్గర ఉన్నదాంతోనే చూస్తాడు.

రెండో రకం వాళ్ళు మన మద్దతుదారులు. చదువుకున్న, మంచి మనసున్న మిత్రులు. "అయ్యో, వాళ్ళు ఏ తప్పూ చేయలేదు, ఎంత అన్యాయం" అంటారు. డీసీపీ వర్తికా చతుర్వేది గురించి, షెఫాలీ షా నటన గురించి చెప్తారు. అలాంటి ఒక్క ఆఫీసర్ ఉంటే చాలు అంటారు. వీళ్ళతో నాకు పేచీ లేదు గానీ ఒక ప్రశ్న ఉంది. ఈసారి హంతకుడు నిజంగా ఆ బస్తీలోనే దొరికి ఉంటే? ఒక్కడు దొరికితే మిగతా బస్తీని కొట్టడం న్యాయమైపోతుందా? వాళ్ళు అమాయకులని తేలింది కాబట్టి మీకు జాలి కలిగింది. మిగతా జనానికి నేరం రుజువయ్యేదాకా అమాయకత్వం పుట్టుకతోనే ఉంటుంది. మాకు మాత్రం ఐదో ఎపిసోడ్‌లో ఎవరో సంతకం పెట్టి ఇవ్వాలా?

సిరీస్‌తో నా గొడవ కూడా అక్కడే. పోలీసుల మనస్సాక్షి ఎంత నలిగిందో చూపించడానికి దాని దగ్గర బోలెడు టైం ఉంది. ఆఫీసర్ల ఇళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, వాళ్ళ మొగుడూ పెళ్ళాల గొడవలు అన్నీ చూశాం. హంతకురాలికి కూడా ఒక కల ఇచ్చారు, తిలోత్తమా షోమ్ దాన్ని గొప్పగా చేసింది. బస్తీ జనానికి దక్కింది మాత్రం తన్నులు తినే వంతు, బతిమాలుకునే వంతు.

దీన్ని నాకంటే ముందు పట్టేసింది మా నాయనమ్మ. ఫోన్‌లో పెట్టి, పక్కన కూర్చుని అర్థం చెప్తూ చూపించా. ఆమెకి ఆఫీసరమ్మ పట్టలేదు, చద్దా పట్టలేదు. మగాళ్ళని వ్యాన్ ఎక్కించాక, "ఇప్పుడు ఆ ఆడోళ్ళు ఏం చేస్తారయ్యా? స్టేషన్‌కి పోయి కూచుంటారా? పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు?" అంది. తర్వాతి సీన్‌లో ఆఫీసులో మాటలు నడుస్తున్నాయి. "అది కాదు, ముందుది పెట్టు, వాళ్ళు ఏమయ్యారో చూపెట్టు" అంటది. అది లేదు నాయనమ్మా అని చెప్పా. "ఐతే ఇది వాళ్ళ కతే" అనేసి లేచి పోయింది. వాళ్ళ అంటే పోలీసుల అని. ఆ సిరీస్ మీద నేను విన్న విమర్శల్లో ఇదే గట్టిది.

ఆమె ఊరికే అనలేదు. వాళ్ళమ్మ సెటిల్‌మెంట్‌లో పెరిగిన మనిషి. మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు, స్కూలు పుస్తకంలో రాదు కాబట్టి కాస్త చెప్తా. 1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడు, ఈ దేశంలో కులమే వృత్తి కదా, నేరం కూడా అంతే అన్నది వాళ్ళ వాదన. ఒక తెగని నోటిఫై చేస్తే కోర్టులో సవాలు చేసే దారి లేదు. పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. 1911లో చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1913లో ఇప్పటి బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పుట్టింది. అంతకుముందు ఎరుకలవాళ్ళు ఏం చేసేవాళ్ళు? గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు తీసుకుపోయి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చేవాళ్ళు. ప్రభుత్వం ఉప్పుని తన గుప్పిట్లో పెట్టుకుంది, రైలు వచ్చింది, వ్యాపారం పోయింది. బతుకు పోగొట్టినవాళ్ళే తిరిగి దొంగలని పేరు పెట్టారు. తర్వాత ఆ సెటిల్‌మెంట్ జనాన్నే చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలికి పంపారు. ఎటూ పారిపోలేని కూలి దొరికితే ఏ ఫ్యాక్టరీ వద్దంటుంది?

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పోయిందని రాసుకున్నాం గానీ, దాని వెనకే రాష్ట్రాలు హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌ది 1962లో వచ్చింది. ఈ పాత చూపు భాషలో కూడా ఉండిపోయింది. పోలీసుల కేడీ లిస్టులోంచి వచ్చిన "కేడీ" ఇవాళ ముద్దుగా తిట్టుకునే మాట, సినిమా పేరు. "స్టువర్టుపురం దొంగలు" అని క్లాసులో జోకు వేస్తే నవ్వనివాడు ఉండడు, ఆ ఊరి పిల్ల అదే బెంచీలో కూర్చుని ఉన్నా సరే. 2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా మీద మనవాళ్ళు హైకోర్టు దాకా వెళ్తే, "సినిమాని సినిమాలా చూడొచ్చు కదా" అన్నారు. చూడొచ్చు. చూసి బయటికొచ్చినవాడు మన ఊరి పేరు విని ఇల్లు అద్దెకి ఇవ్వనంటేనే ఇబ్బంది.

ఇంకో కేసు చెప్తా. దీని మీద ఎవరూ సిరీస్ తీయలేదు. 2003లో మహారాష్ట్ర జాల్నా జిల్లాలో ఒక కుటుంబంలో ఐదుగురిని చంపారు. సంచార తెగలకు చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆ ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది. ప్రాణాలతో మిగిలిన ప్రత్యక్ష సాక్షి మొదట్లోనే పోలీసుల ఫొటో ఆల్బంలో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురి జోలికి పోలీసులు పోనేలేదు. పేదవాళ్ళు, సంచార తెగలవాళ్ళు, అన్యాయంగా ఇరికించారని కోర్టే రాసింది. పదహారేళ్ళు జైలు. ఆరుగురిలో ఒకరు నేరం జరిగిన నాటికి మైనర్ అని కూడా తేలింది. పరిహారం మనిషికి 5 లక్షలు. ఇక్కడ వర్తికా చతుర్వేది లేదు. ఐదో ఎపిసోడ్ రావడానికి పదహారేళ్ళు పట్టింది.

ఏజెన్సీలో ఉన్న కోయ, కొండరెడ్డి, గోండు తమ్ముళ్ళు ఇది మైదానం తెగల గోల, మనకెందుకు అనుకోవచ్చు. నాతో నేరుగా అన్నవాళ్ళూ ఉన్నారు. మీ మీద దొంగ అనే ముద్ర లేదు, నిజమే. అన్నలకి అన్నం పెట్టారనే ముద్ర ఉంది. 2012లో ఛత్తీస్‌గఢ్ సర్కెగూడలో 17 మందిని చంపి నక్సలైట్లు అన్నారు. వాళ్ళు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ నివేదికే చెప్పింది, అదీ ఏడేళ్ళ తర్వాత, 2019లో. పోలీసు చూసే చూపు ఒకటే, రిజిస్టర్లే వేరు.

మరి ఏం చేద్దాం? సిరీస్‌ని బ్యాన్ చేయమని నేను అడగను. చద్దా లాంటివాడిని తెర మీద చూపించకపోతే స్టేషన్‌లో ఉండకుండా పోడు. చూపించనివ్వండి. చూసినవాళ్ళతో మాట్లాడదాం. "అలాంటి గ్యాంగులు ఉన్నాయి కదా" అన్నవాడితో పోట్లాట పెట్టుకోకండి. బ్యాంకులని వేల కోట్లు ముంచి విదేశాలకి పోయినవాళ్ళ కులం పేరు పెట్టి ఏ గ్యాంగ్ పేరైనా విన్నావా అని అడగండి చాలు, కాసేపు ఆలోచిస్తాడు.

చేతిలో ఉంచుకోవాల్సినవి కూడా ఉన్నాయి. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్షని కొట్టేసింది. డీనోటిఫైడ్ తెగలని పుట్టుకతో అలవాటు నేరస్తులుగా చూసే రాతలు చెల్లవని చెప్పింది, వాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు చూడాలంది. అదే ఏడాది మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన సమూహాలవాళ్ళ మీద యాంత్రికంగా హిస్టరీ షీట్లు తెరవడాన్ని తప్పు పట్టింది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఎస్టీ అయితే ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ ఇవ్వాలి, మండల స్థాయిలో కూడా లీగల్ సర్వీసెస్ కమిటీలు ఉంటాయి. ఎస్సీ ఎస్టీ మీద తెలిసీ తప్పుడు కేసు పెట్టడం అట్రాసిటీ చట్టం కిందికే వస్తుంది. ఇవి తెలుసుకుని పేటలో పెద్దవాళ్ళకి వాళ్ళ మాటల్లో చెప్పండి. మా నాయనమ్మ అడిగిన "ఆడోళ్ళు ఏం చేస్తారయ్యా" అనే ప్రశ్నకి మన దగ్గరున్న జవాబు ప్రస్తుతానికి ఇదే: రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆమె దగ్గర రాసి ఉండాలి.

ఆగస్టు 31 విముక్త దినం. మీ హాస్టల్‌లోనో పేటలోనో ఆ సాయంత్రం ఆ ఎపిసోడ్‌ని పదిమందితో కలిసి చూడండి. పెద్దవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. అయ్యాక మైకు మొదట వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళు ఏమన్నారో ఈ పేజీకి రాసి పంపండి, వేసుకుంటాం.