నాన్న పడుకున్నాడు, చప్పుడు చేయకు



మన బస్తీల్లో పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ వినే మాట ఇది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. ఉన్నది ఒక్కటే గది. వంట అందులోనే, చదువు అందులోనే, పడక అందులోనే. గోడ అవతల సాంచాలు ఆగకుండా నడుస్తుంటాయి. వాటిని ఆపమనే వాడు లేడు. ఇవతల పిల్లవాడు గట్టిగా నవ్వితే మాత్రం తల్లి నోటి మీద వేలు పెడుతుంది.

ఇందులో తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు అంతకన్నా లేదు. భివండిలో సాంచాలకు సెలవు శుక్రవారం. బడికి సెలవు ఆదివారం. తండ్రి ఇంట్లో ఉన్న రోజు పిల్లవాడు బడిలో ఉంటాడు, పిల్లవాడు ఇంట్లో ఉన్న రోజు తండ్రి సాంచాల మధ్య ఉంటాడు. దీనికి పన్నెండు గంటల షిఫ్టులు తోడు. ఒకే కప్పు కింద ఉంటూ తండ్రీ కొడుకులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కిందటి వానాకాలంలో భివండి రోడ్ స్టేషన్ వైపు ఉండే ఒక కార్మికుడు పగారు తగాదా గురించి మా ఆఫీసుకు వచ్చాడు. వెంట పదకొండేళ్ల కొడుకు. మీటర్ల లెక్క చూస్తున్నంతసేపూ ఆ పిల్లవాడు తల ఎత్తలేదు. పేరు అడిగితే తండ్రి చెప్పాడు. ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగినవాణ్ణి ఏడాది కింద ఇక్కడికి తెచ్చారు. భాష రాదు, బడిలో వెక్కిరించారు. మెల్లగా మాట తగ్గింది, అన్నం తగ్గింది. ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటాడు. మొండితనమని కొట్టారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, దాని ఖర్చుకు శేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. దవాఖానకు ఎందుకు పోలేదంటే, "పిచ్చి దవాఖాన అంటే నలుగురిలో పేరు పోతదన్నా" అన్నాడు. కాసేపు ఆగి, "జ్వరమైతే ఒళ్లు కాలుతది, తెలుస్తది. ఇది ఎట్లా తెలుస్తదన్నా?" అని అడిగాడు.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు చెబుతున్నాము.

ఒక్కరోజు అలక రోగం కాదు. ఆడే పిల్ల ఆట మానేసి, తినే పిల్లవాడు తినడం మానేసి, నిద్ర చెడి, ప్రతిదానికీ కోపమో ఏడుపో వచ్చి, రెండు మూడు వారాలైనా అది తగ్గకపోతే కనుక్కోవాలి. డాక్టరుకు ఏ జబ్బూ కనిపించని కడుపునొప్పి, తలనొప్పి కూడా అంతే. కొడితే భయం పెరుగుతుంది కానీ మనసు కుదుటపడదు. "చచ్చిపోతాను" అనే మాట పిల్లల నోట వస్తే బెదిరింపు అనుకోవద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే సాయం అడగాలి.

ఎవరిని? 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి షిఫ్టులో చాయ్ తాగే వేళ కూడా చేయవచ్చు. పిల్లల్ని కొడుతున్నా, పనిలో పెట్టుకున్నా, పిల్లలు తప్పిపోయినా 1098. థాణేలోని మానసిక ఆసుపత్రి పేరు వింటే మనకు భయం. అక్కడికి పోయిన ప్రతివారినీ లోపల ఉంచరు, ఓపీలో చూపించుకుని అదే రోజు ఇంటికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారి పిల్లలకూ వైద్యం హక్కే. ఆ కార్డు మనలో ఎందరికి ఇచ్చారన్నది శేట్లను అడగవలసిన ప్రశ్న.

నంబర్లు అచ్చు వేసి చేతులు దులుపుకుంటే సరిపోదని మాకు తెలుసు. మీటరు లెక్కన పగారు తీసుకునేవాడు థాణే పోయి వస్తే ఒక షిఫ్టు పోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వం నడిపే మానసిక వైద్యం ప్రతి మనిషికీ హక్కు అని, అందులో పిల్లలకు ప్రత్యేక సేవలు ఉండాలని దాని 18వ సెక్షన్ చెబుతుంది. హక్కు కాగితం మీద ఉంది. మన సందు దాకా రావడానికి దానికి కాళ్లు లేవు.

సిరిసిల్లలో మన చుట్టాలు, మన కులపోళ్లు అప్పుల్లో మునిగి ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్న తర్వాతే అక్కడి సర్కారు దవాఖానలో నేత కార్మికుల కోసం కౌన్సెలింగ్ మొదలైంది. ఇక్కడా అట్లాగే ఆగుదామా? 2020లో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగినప్పుడు కిరాయి గురించి, బియ్యం గురించి మనం మాట్లాడుకున్నదంతా పిల్లలు అదే గదిలో కూర్చుని విన్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో భవనం కూలి ముప్పై మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. నష్టపరిహారం గురించి అందరం మాట్లాడాము. ఆ శిథిలాలను చూసిన పిల్లలు రాత్రిళ్లు ఎట్లా నిద్రపోతున్నారని మన యూనియన్ కూడా అడగలేదు. ఇది మా లోపం, ఒప్పుకుంటున్నాము.

అందుకే ఈసారి డిమాండ్ల పత్రంలో పగారు, బోనసు పక్కన ఇంకో రెండు చేర్చాము. పద్మానగర్, కామత్‌ఘర్, భివండి రోడ్ వైపు ఉన్న కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒకసారి తెలుగు వచ్చిన కౌన్సిలర్ కూర్చోవాలి. అదీ శుక్రవారం సాయంత్రం, బడి వదిలాక, సాంచాలు ఆగిన రోజున. పిల్లవాణ్ణి దవాఖానకు తీసుకుపోయిన రోజు పగారు కోయకూడదు. రెండోది విని శేట్లు నవ్వుతారు. వారపు సెలవు అడిగిన రోజుల్లోనూ నవ్వారు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పలేదు కదూ. మా ఆఫీసు నుంచే తండ్రి 14416కు ఫోన్ చేశాడు, వాళ్లు చెప్పినట్టే తర్వాత డాక్టరుకు చూపించాడు. పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. నడుమ నడుమ ఎగ్గొడుతున్నాడు కూడా. తండ్రికి రాత్రి షిఫ్టు మాత్రం తప్పలేదు.

వచ్చే శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ఆఫీసులో డిమాండ్ల పత్రం మీద సంతకాలు తీసుకుంటాము. ఇంటివాళ్లతో రండి, పిల్లల్ని కూడా తీసుకురండి. వాళ్లు ఎంత చప్పుడు చేసినా ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.