చుట్ట పొగ, చక్కెర పుర్రె

మెక్సికోలో ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవారు ఇళ్లకు వస్తారు. వారు దారి తప్పకుండా గుమ్మం దాకా బంతిపూల రేకులు పరుస్తారు. కోపాల్ ధూపం వేస్తారు. ‘ఒఫ్రెండా’ అనే పీఠంపై వారి ఫొటో, ఇష్టమైన తిండి, మద్యం అమరుస్తారు. తాతగారికి చుట్ట అలవాటు ఉండి ఉంటే అదీ పెడతారు. ఆయన్ను తీసుకుపోయింది ఆ చుట్టేనేమోనన్న ప్రస్తావన ఆ రోజున ఎవరూ తేరు. ఏడాదికోసారి వచ్చే అతిథికి ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా!

సిగార్ కాల్చే పెద్దమనిషి తంతు కూడా ఇంచుమించు ఇదే. ప్రత్యేకమైన పెట్టె, కొన కత్తిరించడానికో పనిముట్టు, తొందరపడకూడని అగ్నికార్యం, ఆపైన ధూపం, చివరికి బూడిద. గదిలో తక్కినవారు ఊపిరి బిగబట్టి భక్తి నటించాలి. మెక్సికన్లు పోయినవారిని ఇంటికి పిలుస్తారు; సిగార్ ప్రియుడు తానే వారి దగ్గరికి పోవడానికి విడతలవారీగా దరఖాస్తు పెట్టుకుంటాడు. బహిరంగ ప్రదేశాల్లో ధూమపానంపై మెక్సికో 2023 జనవరిలో కఠిన నిషేధం తెచ్చింది. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తున్నది కనుక అది సబబే. దానివల్ల ఇక ఏ హానీ జరగని వినియోగదారుడు మాత్రం ఒఫ్రెండా మీది తాతగారొక్కరే.

అధికారంలో ఉన్నవారికి సిగార్‌పై మక్కువ పాతదే. చర్చిల్ చేతిలో అది రాజదండమై వెలిగింది. 1962లో క్యూబాపై వాణిజ్య ఆంక్షల ఉత్తర్వు మీద సంతకం చేయడానికి ముందు కెనడీ తన కోసం వెయ్యికి పైగా క్యూబా సిగార్లు తెప్పించుకున్నారని ఆయన ప్రెస్ సెక్రటరీ పియర్ శాలింజర్ తర్వాత చెప్పారు. తన ఒఫ్రెండాకు కావలసిన సరంజామాను ప్రభువు బతికుండగానే సమకూర్చుకున్నాడన్నమాట.

ఈ దర్జాకు విరుగుడు కూడా మెక్సికో పండుగలోనే ఉంది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలు ‘కలవేరా’లు అచ్చువేస్తాయి. కలవేరా అంటే పుర్రె. బతికున్న నాయకుడు చనిపోయాడని ఊహించి, మృత్యువు అతణ్ని ఏ నేరం మీద పట్టుకుపోయిందో వర్ణించే ఎగతాళి పద్యమది. 1913లో మరణించిన చిత్రకారుడు హోసే గ్వాదలూపే పొసాద ఐరోపా టోపీ పెట్టుకున్న అస్థిపంజరాన్ని గీసి, పరాయి సోకులకు ఎగబడినవారిని వెక్కిరించాడు. అదే ఇప్పుడు పండుగకు ముఖచిత్రం. ఆ దేశపు పిల్లలు పుర్రెను చక్కెరతో చేసుకుని కొరుక్కు తింటారు కూడా.

బంతి మెక్సికో నుంచి వచ్చి మన బతుకమ్మలో చేరింది. పొగాకు అమెరికా ఖండాల నుంచి వచ్చి గోదావరి లంకల్లో చుట్ట అయింది. కలవేరా మాత్రం ఇంతవరకూ ఓడ ఎక్కలేదు. 2012లో ముఖ్యమంత్రిపై వచ్చిన కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపినందుకు కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు. అదే ఏడాది ముంబైలో కార్టూనిస్టు అసీం త్రివేది రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లాడు. వారు గీసినవి, పంపినవి బొమ్మలే. పదవిలో ఉన్న నేతకు సంతాప పద్యం అచ్చువేయదలచిన సంపాదకుడు ఈ దేశంలో ముందుగా వకీలుకు ఫోన్ చేయాలి.