పాటలో కారు - బాటలో మనం

వార్షికోత్సవం దగ్గర పడిందంటే చాలు, డ్యాన్సుకు ఏ పాట పెట్టాలన్న చర్చ ప్రతి హాస్టల్లోనూ మొదలవుతుంది. ఖరీదైన కార్ల పేర్లున్న పాటలు వద్దని సీనియర్లు అంటారు. అవి లేకపోతే స్టేజీ ఎక్కమని జూనియర్లు అంటారు. "రేషన్ బియ్యం తిని పెరిగినవాళ్లం, మనకు లంబోర్గినీ పాటలెందుకు?" అన్నది ఒక వాదన. "పాటలోనైనా ఎక్కనివ్వండి అన్నా" అన్నది రెండో వాదన. ఈ రెండో మాటను నవ్వి కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఆలోచించాల్సింది ఆ మాటలోనే ఉందనిపిస్తుంది.

కార్ల పాటలు నిన్నమొన్న పుట్టినవి కావు. అమెరికాలో 1951లో జాకీ బ్రెన్‌స్టన్ పాడిన 'రాకెట్ 88' పాట ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ కారు మీద వచ్చిందే. రాక్ అండ్ రోల్ సంగీతంలో మొదటి రికార్డు అదేనని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 1955లో చక్ బెర్రీ 'మేబెలీన్' వచ్చింది. అందులో ఫోర్డ్ కారు నడిపే కుర్రవాడు కాడిలాక్ కారులో దూసుకుపోతున్న ప్రియురాలిని వెంటాడి చివరికి అందుకుంటాడు. మామూలు కారు గొప్ప కారును పట్టుకోవడమే ఆ పాటలో కథ. పాడిన ఇద్దరూ నల్లజాతి కళాకారులే.

వాళ్ల పాటల్లో కారుకు అంత చోటు ఎందుకు దొరికింది? డబ్బు పిచ్చి అని తేల్చేయవచ్చు. కానీ చరిత్ర ఇంకో మాట చెబుతుంది. 1930ల మొదట్లో కాడిలాక్ కంపెనీ తన కార్లను నల్లవారికి అమ్మకూడదన్న పద్ధతి పెట్టుకుందని మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రక్కర్ రాశారు. చేతిలో డబ్బున్న నల్లవారు కూడా ఒక తెల్లవాడికి అదనంగా సొమ్ము ఇచ్చి, అతని పేరు మీద కారు కొనుక్కోవలసి వచ్చేదట. మంచి పేటలో ఇల్లు అమ్మరు, మంచి హోటల్లో గది ఇవ్వరు. మిగిలింది కారు ఒక్కటే. 1949లో నల్లవారి పత్రిక 'ఎబొనీ', నల్లవారు కాడిలాక్‌లు ఎందుకు కొంటారన్న ప్రశ్న మీదే సంపాదకీయం రాసింది. తామూ ఎవరికీ తీసిపోమని చెప్పుకోవడానికి అదొక గుర్తు అన్నది దాని సారాంశం.

ఈ సంగతి మనకు కొత్తగా వివరించి చెప్పాలా? 1901లో తొమ్మిదేళ్ల భీమ్‌రావ్, తన అన్నతో, మేనల్లుడితో కలిసి తండ్రి దగ్గరికి వెళ్లడానికి మసూర్ స్టేషన్‌లో దిగాడు. వాళ్ల కులం తెలిశాక ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలని షరతు పెట్టి. 1929 నాటికి ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టర్ అంబేద్కర్. అప్పుడు కూడా చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. టాంగా తోలడం రాని మనిషి పగ్గాలు పట్టాడు. బండి తిరగబడి ఆయన రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. ఇవన్నీ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు. మన హాస్టల్ లైబ్రరీలలో ఉండే చిన్న పుస్తకమే, చదవనివారు ఒక్కసారి చదవండి. బండి ఎక్కడమన్నది కూడా హక్కుల పోరాటంలో భాగమేనని అర్థమవుతుంది. నేటికీ గుర్రమెక్కిన దళిత పెళ్లికొడుకును దింపేశారన్న వార్తలు గుజరాత్ నుంచో రాజస్థాన్ నుంచో వింటూనే ఉన్నాం.

కాబట్టి మిత్రులారా, కారు మీద మన కుర్రాళ్లకున్న ఆశను నేను తప్పు పట్టను. నడిచి నడిచి అలసిన కాళ్లకు చక్రం మీద ఆశ ఉండదా? నా పేచీ ఆశతో కాదు, ఆ ఆశను అమ్ముకునే వ్యాపారంతో.

1970 అక్టోబరులో, చనిపోవడానికి మూడు రోజుల ముందు, జానిస్ జాప్లిన్ 'మెర్సిడెస్ బెంజ్' అనే పాట రికార్డు చేసింది. వాయిద్యాలేవీ లేని పాట అది. దేవుడా, నాకొక బెంజ్ కారు కొనిపెట్టు అని ప్రార్థించే ఆ పాటలో ఉన్నదంతా వెటకారమే. వస్తువులతో సుఖం వస్తుందనుకునే లోకం మీద వేసిన ఎత్తిపొడుపు. పాతికేళ్లు తిరిగేసరికి, 1995లో, అదే పాటను బెంజ్ కంపెనీ తన కారు ప్రకటనలో వాడుకుంది! తిట్టిన పాటను కూడా అమ్మకానికి పెట్టగల బజారుకు, పొగిడే పాట దొరికితే పండగే కదా.

ఇప్పుడు మన చెవుల్లో మోగే పాటల సంగతి చూద్దాం. 2018లో 'ది దూర్బీన్' బృందం పాడిన పంజాబీ పాట 'లంబోర్గినీ' దేశమంతా మోగింది. 2020లో 'జై మమ్మీ దీ' హిందీ సినిమాలో మళ్లీ పెట్టారు. అదే 2018లో మన దేశంలో విడుదలైన లంబోర్గినీ 'ఉరుస్' కారు షోరూం ధర 3 కోట్ల రూపాయలు. మా నాన్న ఊళ్లో ఇంకొకరి ట్రాక్టరు తోలతాడు. రోజుకు 600 కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికి, ఒక్క రూపాయి కూడా తినకుండా దాచినా, ఆ 3 కోట్లు కూడడానికి 166 ఏళ్లు దాటుతుంది. పాటలో మూడు నిమిషాలు చాలు.

ఇంకో విశేషం ఉంది. ఆ కంపెనీ పెట్టిన ఫెరూచియో లంబోర్గినీ ఇటలీలో రైతు కుటుంబంలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన వాహనాల విడిభాగాలతో ట్రాక్టర్లు తయారుచేసి పైకొచ్చాడు. కార్ల కంపెనీ పెట్టింది ఆ తర్వాత, 1963లో. అంటే ఆ కారు వెనుక ట్రాక్టరు ఉంది, పొలం ఉంది, మెకానిక్ చేతి మసి ఉంది. ఏ పాటయినా ఆ మసి గురించి చెబుతుందా? కారు ఆకాశం నుంచి ఊడిపడినట్టు, పక్కన ఒక అమ్మాయి, మెడలో ఒక గొలుసు. ఆ అమ్మాయిని కూడా కారుతో పాటు వచ్చే వస్తువులాగే చూపిస్తారు. మన చెల్లెళ్లకు ఆ పాట ఎలా వినిపిస్తుందో ఎప్పుడైనా అడిగామా?

దీని ఫలితం కళ్లారా చూస్తున్నాం. నాకు తెలిసిన ఒక తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఫైనాన్స్ మీద పెద్ద బైకు తీసుకున్నాడు. కిస్తీలు కట్టడానికి రాత్రిళ్లు పార్సిళ్లు మోయడం మొదలుపెట్టాడు. పగలు క్లాసు ఎగ్గొట్టాడు. ఇప్పుడు బైకూ లేదు, డిగ్రీ కూడా మధ్యలోనే ఆగింది. వాడు సోమరి కాదు, చెడ్డవాడు అంతకన్నా కాదు. బండి ఉంటేనే నలుగురూ మనిషిగా చూస్తారని నమ్మాడు. ఆ నమ్మకాన్ని వాడికి రోజూ నూరిపోసినవాళ్లు ఏ కిస్తీ కట్టలేదు.

కార్ల పాటలన్నీ ఇంతేనా అంటే కాదు. 1988లో ట్రేసీ చాప్‌మన్ 'ఫాస్ట్ కార్' పాడింది. అందులో కారు పేరు లేదు, ధర లేదు. తాగే తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన అమ్మాయి, దుకాణంలో పనిచేస్తూ, పేదరికం నుంచి బయటపడే దారి వెతుక్కుంటుంది. కారు ఆ దారికి ఒక సాధనం మాత్రమే. 2023లో ల్యూక్ కోంబ్స్ మళ్లీ పాడాక ఆ పాటకు అమెరికా కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి మేటి పాట అవార్డు ఇచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమే. ఒక్క కంపెనీ పేరూ చెప్పని కారు పాట 35 ఏళ్లు బతికింది.

కనుక నా అభిప్రాయం ఇది. స్టేజీ మీద కారు పాటలను నిషేధించవద్దు. నిషేధిస్తే సెల్‌ఫోన్‌లో వింటారు, అంతే. పాట పెడదాం, ఆడదాం. కానీ పాట అయిపోయాక కూర్చుని మాట్లాడుకుందాం. ఆ కారు ఎవరు చేశారు? ఎవరు అమ్మారు? ఎవరికి అమ్మనన్నారు? పాటలో మన నాన్న ఎందుకు లేడు? ఈ ప్రశ్నలు వేయడం నేర్చుకోవడానికే కదా మనల్ని ఇంత దూరం పంపింది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాణ్ణి నేను. రేపు ఉద్యోగం వస్తే నేనూ ఒక కారు కొనుక్కుంటానేమో. అందులో మొదట మా నాన్నను కూర్చోబెడతాను. అయితే దాన్ని చూసి నన్ను గౌరవించమని ఎవరినీ అడగను. కారు లేని రోజున కూడా మనకు దక్కాల్సిన గౌరవం కోసమే అంబేద్కర్ జీవితమంతా పోరాడారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, స్టీరింగు పట్టుకోవాలని కలగనండి. మీ కలకు ధర కట్టే హక్కు మాత్రం పాటకు ఇవ్వకండి.